లైన్ క్లియర్

ముప్పయ్యొకటేండ్లు దేవరకొండ సెక్షన్ల
తీగెలు కోసిన మనిషిని నేను.
కాకరైతేంది, దొండైతేంది, ఎవరింటిదైతేంది,
తీగె పోయి తీగెనంటితే
కత్తొక్కటే జవాబు.
"ఒక్క కొమ్మ ఉంచు సారూ, మొగ్గేసింది"
ఎంతమంది అడిగిండ్రో లెక్కలేదు.
ఉంచలే.

ముత్తిలింగం ఉంచిండు ఒకసారి.
ఎవరో ముసలామె బతిలాడిందని
స్టే వైరు మీద మల్లెతీగె వదిలిండు.
శ్రావణం ముసురుల
ఆ పచ్చితీగె వెంబడే కరెంటు కిందికి దిగింది.
గట్టు మీద పక్కపక్కన ఇడిసిన వాని చెప్పులు
వాళ్లింటికి తీస్కపోయింది నేనే.

నా సర్వీసుల ఆఖరి కోత కొండమల్లేపల్లిల.
కోసి కుప్పేసినంక ఆ ఇంటామె
తిట్టాల్సినయన్ని తిట్టి,
పెన్సిలంత ముక్క చేతుల పెట్టింది.
"కోసుడు వచ్చు గదా, ఇగ పెంచుడు నేర్చుకో."
రాధామనోహరం.

సున్నం బకెట్ల గుచ్చిన.
చెలక మన్ను, ఇంత మేకెరువు,
కృష్ణనీళ్లు వచ్చిన దినం చెంబెడు.
ఏడాది దాక ఉలుకు లేదు, పలుకు లేదు.
"పుల్లకు నీళ్లు పోసే మొగడు దొరికిండు నాకు"
ఈదమ్మ వాడకట్టంత చెప్పుకొని నవ్వింది.

బకెటు అడుగు పగిలి
వేరు ఎప్పుడో నేలల దిగిందట.
ఎండకాలమొచ్చినంక తెలిసింది.
వేపచెట్టు సుత తలకాయ వాల్చిన ఎండల
దీనికేమో జాతర.
పొద్దుగాల కిటికి ఊచ,
మాపటికి రేకుల అంచు,
నాలుగొద్దులకు పక్కింటోళ్ల డిష్షు.

ఎట్ల ఎక్కుతున్నదో చూద్దామని దగ్గరికి పోయిన.
ఆకు రాలుతది, కాడ రాలదు.
కాడ ఎండి, గట్టివడి, ముల్లయితది.
ఆ ముల్లును తన్నిపట్టి మీదికి పోతది.
పోయిన ఆకులే దానికి మెట్లు.
కూసొని అరికాలు తడుముకున్న.
స్తంభం ఒత్తిన కాయ
ఇంక అట్లనే ఉన్నది.

పువ్వు మాపటికి తెల్లగ ఇచ్చుకుంటది,
తెల్లారితే గులాబి,
మర్నాటికి మోదుగ రంగు.
మూడొద్దులు ఒక్క గుత్తికే వేలాడుతయి.
జల్ది వాడుతయని ఈదమ్మ తలల పెట్టుకోదు.
వాసనకు మాత్రం
మంచం బయటేస్తది.

నిన్న సర్వీసు వైరు అందుకున్నది.
చూసిన.
చూడనట్టే ఉన్న.

ఇయ్యాల కొత్త జూనియర్ లైన్‌మన్ వచ్చింది.
కేతావత్ మంజుల, చందంపేట దిక్కు తండా పిల్ల.
నడుముకు బెల్టు, పొడుగు కర్రకు కొడవలి.
"ఎల్సీ తీసుకున్నవా బిడ్డా?" అన్న.
తలూపింది.
అయినా నన్ను నమ్మనట్టు, తనను తాను నమ్మనట్టు
టెస్టర్ పెట్టి మల్ల చూసుకున్నది.

నా నోట్లెకెళ్లి ఆ మాట ఎట్లొచ్చిందో!
"ఒక్క కొమ్మ ఉంచమ్మా. మొగ్గేసింది."

నా దిక్కు సుత చూడలే.
ఒక్కటి ఉంచలే.

నిచ్చెన పట్టుకొని నిలబడ్డ.
తెల్లయి, ఎర్రయి, ఇంక ఏ రంగూ తేలనియి
నెత్తి మీద, భుజాల మీద రాలినయి.
పిల్ల మంచిగ నేర్చుకున్నదని
ముత్తిలింగానికి చెప్పాలనిపించింది.

ఏడున్నరకు కరెంటొచ్చింది. ఫ్యాను కిర్రుమన్నది.
ఈదమ్మ మంచం బయటేసి,
కొంచెంసేపు ఒరిగి,
మాట్లాడకుండ మల్ల లోపలేసుకున్నది.

కాళ్లు కడుక్కుందామని పోయిన.
బాత్‌రూము ముంగట షాబాదు బండ
ఒకపక్క జరంత లేచి ఉన్నది.
సందుల వేలెడు ఎర్ర మొలక.

చెంబు కింద పెట్టి,
బండ మీద కాలు వడకుండ
పక్కకెళ్లి నడిచిన.